హ్యుమానిన్, మోట్స్-సి, ఎస్‌ఎస్-31: మెదడు కోసం మైటోకాండ్రియా పెప్టైడ్ కొనాలా, వద్దా?

మైటోకాండ్రియా అంటే కణంలో శక్తి తయారుచేసే భాగం, పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. తీర్పు ముందే చెప్పేస్తాం, కారణాలు తర్వాత. మతిమరుపు రాకూడదని హ్యుమానిన్ సూది వేయించుకునే ఆలోచన ఉంటే మానుకోండి. ఇప్పటికే జ్ఞాపకశక్తి తగ్గుతున్న అమ్మకో నాన్నకో ఇప్పిద్దామనుకుంటే మరీ మానుకోండి. మోట్స్-సి సంగతీ అంతే, పైగా పోటీల్లో పరుగెత్తేవాళ్లకు దానితో నిషేధం ముప్పు కూడా ఉంది. మనుషుల మీద పెద్ద ట్రయల్స్ దాకా వెళ్లి అనుమతి తెచ్చుకున్నది ఎస్‌ఎస్-31 ఒక్కటే. ఆ అనుమతి మెదడు జబ్బుకు ఇచ్చింది కాదు. ల్యాబ్‌లో కణాల మీద పనిచేసే విద్యార్థులకు మాత్రం వీటిలో ఏది తెప్పించుకోవాలన్నది అసలైన ప్రశ్నే. వాళ్లకు కావలసింది చివర్లో రాశాం.

ఒకే పేరు కింద నాలుగు సరుకులు

"మైటోకాండ్రియా పెప్టైడ్" అని ఎవరైనా చెబితే మొదట అడగాల్సింది "ఏది?" అని. హ్యుమానిన్, దాన్ని మార్చి చేసిన హెచ్‌ఎన్‌జి, మోట్స్-సి, ఎస్‌ఎస్-31... ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడుతుంటారు. మొదటి, మూడో పెప్టైడ్‌ల తయారీ సూచనలు మన మైటోకాండ్రియా డీఎన్ఏలోనే ఉన్నాయి. రెండోది ప్రయోగశాలలో ఒక అక్షరం, అంటే ఒక అమైనో ఆమ్లం, మార్చిన హ్యుమానిన్. నాలుగోదానికి మైటోకాండ్రియా డీఎన్ఏతో సంబంధమే లేదు. అది నాలుగే అమైనో ఆమ్లాలతో మనిషి తయారుచేసిన మందు, వెళ్లి మైటోకాండ్రియా లోపలి పొరను అంటుకుంటుంది, అంతే.

హ్యుమానిన్ కథ 2001లో టోక్యోలోని కీయో విశ్వవిద్యాలయంలో మొదలైంది. అల్జీమర్స్ ఉన్న మెదడులో కూడా వెనక భాగం, అంటే చూపుకు సంబంధించిన ఆక్సిపిటల్ భాగం, మిగతా భాగాలంత దెబ్బతినదు. అక్కడ కణాలను కాపాడేదేదో ఉండాలని ఇకువో నిషిమోటో బృందం అనుకుంది. ఆ భాగంలోని జన్యు సందేశాలను తీసి, వంశపారంపర్య అల్జీమర్స్ జన్యువుతో చావబోతున్న కణాల్లోకి ఎక్కించి, బతికి బయటపడ్డ కణాల్లో ఏముందో వెతికితే 24 అమైనో ఆమ్లాల పెప్టైడ్ దొరికింది. దాని సూచన ఉన్న చోటు మైటోకాండ్రియాలోని 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్ఏ జన్యువు. అంతవరకూ ఆ జన్యువు పని ప్రోటీన్ల తయారీ యంత్రానికి విడిభాగం అందించడమేనని అందరూ అనుకునేవారు. 2003 నాటికి అమెరికాలో రెండు ల్యాబ్‌లు వేరే దారుల్లో వెతుకుతూ ఇదే పెప్టైడ్‌ను చేరుకున్నాయి. ఒకటి బ్యాక్స్ అనే కణ మరణ ప్రోటీన్‌ను పట్టుకునేదాని కోసం వెతికింది, రెండోది ఐజీఎఫ్‌బీపీ-3 అనే హార్మోన్ వాహకం వైపు నుంచి వచ్చింది. ఒకరి పొరపాటు కాదని నమ్మడానికి అది గట్టి ఆధారమే. ఆ శాస్త్రాన్ని మేం తక్కువ చేయడం లేదు. అమ్మకానికి పెట్టిన సీసా మీదే మా అభ్యంతరం.

ఇంకో చిక్కు కూడా ఉంది. మైటోకాండ్రియాకు సొంత జన్యు లిపి ఉంది. లోపల చదివితే ఈ పెప్టైడ్ 21 అమైనో ఆమ్లాల దగ్గరే ఆగిపోతుంది, బయట సైటోప్లాజంలో చదివితే 24 వస్తుంది. దీనికి తోడు ఈ 16ఎస్ జన్యువు పాత నకళ్లు కేంద్రకంలోని క్రోమోజోముల్లో అక్కడక్కడా పడి ఉన్నాయి. అందుకే శరీరంలో తిరిగే హ్యుమానిన్ అచ్చంగా ఎక్కడ తయారవుతోందన్న వాదన ఇంకా తెగలేదు. "మీ హ్యుమానిన్ స్థాయి చూసి మైటోకాండ్రియా వయసు చెబుతాం" అని రక్తపరీక్ష ప్యాకేజీ ఎవరైనా చూపిస్తే ఈ ముక్క గుర్తుంచుకోండి. కిట్ మారితే అంకె మారే పరీక్ష అది. షుగర్‌కు హెచ్‌బీఏ1సీ ఉన్నట్టు దీనికి అందరూ ఒప్పుకున్న సాధారణ పరిధి లేదు.

హ్యుమానిన్, హెచ్‌ఎన్‌జి: అక్షరం తేడా, వెయ్యి రెట్ల దూరం

కొనేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. హ్యుమానిన్‌లో 14వ స్థానంలో ఉన్న సెరీన్‌ను తీసి గ్లైసిన్ పెడితే హెచ్‌ఎన్‌జి అవుతుంది. నరాల కణాల పరీక్షల్లో సహజ హ్యుమానిన్‌కు మైక్రోమోలార్ గాఢత కావాలి, హెచ్‌ఎన్‌జికి నానోమోలార్ చాలు. తేడా దాదాపు వెయ్యి రెట్లు. ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో చాలావాటిలో వాడింది హెచ్‌ఎన్‌జి. నడివయసు ఎలుకలకు వారానికి రెండుసార్లు ఇస్తే జీవక్రియలు మెరుగుపడ్డాయన్న 2020 నాటి ఫలితం అలాంటిదే. ఆయుష్షు పెరిగిందన్నది పురుగుల్లో వచ్చిన ఫలితం. అమ్మేవాళ్లు చూపించేది హెచ్‌ఎన్‌జి పరిశోధన పత్రం, సీసా మీద రాసి ఉండేది "హ్యుమానిన్". సీసాలో ఉన్నది సహజ రూపమే అయితే ఆ పత్రం దానికి వర్తించదు. ఉన్నది హెచ్‌ఎన్‌జి అయితే అది మన ఒంట్లో సహజంగా ఉండే పెప్టైడ్ కాదు కాబట్టి "మీ శరీరం తయారుచేసేదే కదా, భయమేముంది" అన్న మాట చెల్లదు. ఈ రెండు వాదనల్లో ఏదో ఒక్కటే వాడుకోవాలి. రెండూ కలిపి చెబుతున్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయొచ్చు.

మనుషుల్లో ఏం తేలింది? వయసు పెరిగేకొద్దీ రక్తంలో హ్యుమానిన్ తగ్గుతుంది. నూరేళ్లు బతికినవాళ్ల పిల్లల్లో అదే వయసున్న మిగతావాళ్లకన్నా ఎక్కువగా కనిపించింది. హ్యుమానిన్ ప్రాంతంలో ఒక జన్యు తేడా ఉన్నవాళ్లలో వయసుతో మేధాశక్తి ఇంకొంచెం వేగంగా తగ్గినట్టు 2018లో వచ్చింది. ఇవన్నీ కలిసి నడుస్తున్న సంగతులు మాత్రమే. మనుషులకు హ్యుమానిన్‌ను మందుగా ఇచ్చి మతిమరుపు ఆగిందని చూపిన ట్రయల్ లేదు. నెరిసిన జుట్టు కూడా వయసుతోనే పెరుగుతుంది, రంగు వేస్తే వయసు తగ్గదు కదా.

ఒక విడ్డూరం కూడా చెప్పాలి. గ్రోత్ హార్మోన్, దానితో పెరిగే ఐజీఎఫ్-1 ఎక్కువైతే హ్యుమానిన్ తగ్గుతుందని ఎలుకల్లోనూ మనుషుల్లోనూ కనిపించింది. "యాంటీ ఏజింగ్" ప్యాకేజీలో గ్రోత్ హార్మోన్‌ను పెంచే సూదులు, హ్యుమానిన్ సూదులు పక్కపక్కనే ఉంటే, ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో తీసేసినట్టే.

ఇక ప్రమాదం సంగతి. హ్యుమానిన్ చేసే ముఖ్యమైన పని కణం తనను తాను చంపుకోకుండా ఆపడం. బ్యాక్స్ అనే ప్రోటీన్ మైటోకాండ్రియా మీదికి వెళ్లి రంధ్రాలు పొడవకుండా పట్టి ఉంచుతుంది. నరాల కణానికి అది వరమే. కానీ అరవై దాటిన శరీరంలో చావాల్సిన కణాలు కూడా ఉంటాయి, ఎక్కడో చిన్న గడ్డ ఎవరికీ తెలియకుండా మొదలై ఉండొచ్చు. ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్ పెట్టిన ఎలుకల్లో హ్యుమానిన్ ఇస్తే గడ్డలు ఇంకా పెరిగాయని, కీమో మందు ప్రభావం తగ్గిందని 2020లో ప్రచురించారు. క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు, కుటుంబంలో రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు, ప్రోస్టేట్ రక్తపరీక్ష పీఎస్ఏ ఎక్కువగా వచ్చి కారణం ఇంకా తేలనివాళ్లు దీని జోలికి అసలు పోకూడదు. "ఎలుకల్లోనే కదా" అని కొట్టిపారేస్తే, మేలు జరిగిందని చెప్పేవీ ఎలుకలేనని గుర్తు చేయాలి.

మోట్స్-సి

ఇది 16 అమైనో ఆమ్లాలది, 12ఎస్ ఆర్‌ఆర్‌ఎన్ఏ జన్యువులో దాగి ఉంది. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చాంగ్‌హాన్ లీ, పింకస్ కోహెన్ 2015లో బయటపెట్టారు. దీని పని ప్రధానంగా కండరంలో, చక్కెర వాడకంలో. కణం శక్తి వాడకాన్ని నడిపే ఏఎంపీకే అనే స్విచ్‌ను వేస్తుంది. మెట్‌ఫార్మిన్ వల్ల కదిలేదీ ఆ స్విచ్చే. కొవ్వు తిండి పెట్టిన ఎలుకలు లావెక్కలేదు. ముసలి ఎలుకలకు ఇస్తే ట్రెడ్‌మిల్ మీద ఎక్కువసేపు పరుగెత్తాయి. 2021లో అదే బృందం యువకులను సైకిల్ తొక్కించి చూస్తే వాళ్ల తొడ కండరంలో మోట్స్-సి దాదాపు 12 రెట్లు పెరిగింది, రక్తంలో సుమారు ఒకటిన్నర రెట్లయింది. మెదడు కోసమే కొంటున్నవాళ్లకు ఇది తప్పు దుకాణం. షుగర్, బరువు కోసం అడిగేవాళ్లకు ఈ సైకిల్ ఫలితమే జవాబు.

దీన్ని మందుగా మలచే ప్రయత్నం ఒకటి జరిగింది. కోబార్ అనే అమెరికన్ సంస్థ మోట్స్-సిని మార్చి సీబీ4211 చేసి, కాలేయంలో కొవ్వు ఉన్న లావుపాటి మనుషుల మీద తొలి దశ ట్రయల్ పెట్టింది. సూది వేసిన చోట ప్రతిచర్యల వల్ల 2018లో మధ్యలో ఆపి, మళ్లీ మొదలుపెట్టి, 2021లో ఫలితాలు చెప్పింది. కాలేయ ఎంజైములు తగ్గాయి, సూది చోట బాధ ఎక్కువమందికి వచ్చింది. అది మార్కెట్ దాకా రాలేదు. మందుల కంపెనీ నాణ్యతతో చేసిన సూదికే చర్మం అలా తిరగబడితే, ఎక్కడ చేశారో తెలియని పొడి సంగతి ఊహించుకోండి.

హైదరాబాద్ మారథాన్‌లో సరదాగా పరుగెత్తేవాళ్లకు సరే, రాష్ట్ర, జాతీయ స్థాయిలో ఆడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో మోట్స్-సి పేరుతో సహా ఉంది, పోటీ రోజున మాత్రమే కాదు, ఎప్పుడూ నిషేధమే. మాస్టర్స్ అథ్లెటిక్స్‌లో 50 దాటిన వాళ్లకూ వర్తిస్తుంది.

ఎస్‌ఎస్-31, అంటే ఎలమిప్రెటైడ్

ఇది కార్డియోలిపిన్ అనే కొవ్వును అంటుకుంటుంది. మైటోకాండ్రియా లోపలి పొర మడతలు నిలబడేది, శక్తి తయారుచేసే ప్రోటీన్లు వరుసగా కూర్చునేది ఆ కొవ్వు వల్లే. బార్త్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బులో కార్డియోలిపిన్ సరిగ్గా తయారుకాదు, అందుకే అక్కడ ఈ మందుకు అర్థం ఉంది. అమెరికా ఎఫ్‌డీఏ 2025 సెప్టెంబర్‌లో ఆ జబ్బుకు, కనీసం 30 కిలోల బరువున్నవాళ్లకు, వేగవంతపు అనుమతి ఇచ్చింది. రోజుకు 40 మిల్లీగ్రాముల సూది, చర్మం కింద. వేగవంతపు అనుమతి అంటే మేలు పూర్తిగా రుజువయ్యేదాకా మరిన్ని ఆధారాలు చూపాల్సి ఉంటుందని అర్థం.

ఇదే మోతాదును మైటోకాండ్రియా కండర జబ్బు ఉన్న 218 మందిలో 24 వారాలు పరీక్షించినప్పుడు ఆరు నిమిషాల నడకలోనూ అలసటలోనూ ఉత్తుత్తి సూదికన్నా మెరుగు కనిపించలేదు. మైటోకాండ్రియా జబ్బు ఖాయంగా ఉన్నవాళ్లకే ఫలితం తేలనప్పుడు, ఆరోగ్యంగా ఉన్న మనిషి మెదడుకు రక్షణ అని చెప్పడానికి ఆధారం ఏదీ? జాబితాలో ఎక్కువ ఆధారం ఉన్న పెప్టైడ్ ఇదే, అయినా మన ప్రశ్నకు ఇది జవాబు కాదు.

బార్త్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ ఇంట్లో ఉంటే మాట వేరు. అప్పుడు వెతకాల్సింది వెబ్‌సైట్‌లో సీసా కోసం కాదు. పిల్లల గుండె నిపుణుడు, జన్యు నిపుణుడు రాసిన చీటీతో సొంత వాడకానికి దిగుమతి చేసుకునే దారి చట్టంలో ఉంది. ఫారం 12ఎలో దరఖాస్తు పెడితే ఫారం 12బిలో అనుమతి వస్తుంది.

మాత్రల సంగతి, క్లుప్తంగా

కోఎంజైమ్ క్యూ10 మన మందుల షాపుల్లో మామూలుగా దొరుకుతుంది. పార్కిన్సన్స్ ఉన్న 600 మందికి రోజుకు 1200, 2400 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూసిన ట్రయల్‌ను మేలు కనిపించక మధ్యలోనే ఆపేశారు, ఫలితం 2014లో వచ్చింది. స్టాటిన్‌తో కండరాల నొప్పి అని డాక్టర్ రాస్తే వాడుకోండి, మెదడు కోసమని వద్దు. ఎన్‌ఎంఎన్, ఎన్‌ఆర్ అనే మాత్రలు కణాలు శక్తి కోసం వాడుకునే ఎన్ఏడీని రక్తంలో పెంచుతాయి, మతిమరుపును ఆపినట్టు చూపలేదు. యురోలిథిన్-ఎ మీద మనుషుల్లో వచ్చిన ఫలితాలు కండరం సత్తువ గురించి. వీటితో హాని పెప్టైడ్ సూదులకన్నా తక్కువ, అంతవరకే వాటి గొప్ప.

సీసాలో ఏముంటుంది

"98 శాతం స్వచ్ఛత" అని సర్టిఫికెట్ చూపిస్తారు. హెచ్‌పీఎల్‌సీ యంత్రం చెప్పే ఆ అంకెకు అర్థం, కనిపించిన పెప్టైడ్ ముక్కల్లో 98 శాతం ఒకే ముక్క అని. సీసాలోని పొడిలో 98 శాతం పెప్టైడ్ అని కాదు. పొడిలో తేమ ఉంటుంది, తయారీలో వాడిన ట్రైఫ్లోరో ఎసిటిక్ ఆమ్లం ఉప్పు రూపంలో అంటుకుని ఉంటుంది. నికర పెప్టైడ్ శాతం వేరే పరీక్షలో తేలాలి. 75 శాతం అని తేలితే 10 మిల్లీగ్రాముల సీసాలో ఉన్నది 7.5 మాత్రమే. సర్టిఫికెట్‌లో ఆ వరుసే లేకపోతే మోతాదు మాటే ఊహ.

అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రం పరీక్ష కాగితం ఉంటే అంకెలు మీరే సరిచూడొచ్చు. హ్యుమానిన్ అణుభారం 2687.2, హెచ్‌ఎన్‌జిది 2657.2, మోట్స్-సిది 2174.6, ఎలమిప్రెటైడ్‌ది 639.8. యంత్రం పెప్టైడ్‌కు రెండు మూడు ప్రోటాన్లు తగిలించి చూస్తుంది కాబట్టి హ్యుమానిన్ శిఖరాలు 1344.6 దగ్గర, 896.7 దగ్గర కనబడాలి. అణుభారం 16 పెరిగి కనిపిస్తే ఆక్సిజన్ పట్టేసిందని అర్థం. హ్యుమానిన్‌లో 8వ స్థానంలో ఉన్న సిస్టీన్ దాని ప్రాణం. దాన్ని అలనీన్‌గా మారిస్తే కణాలను కాపాడే గుణమే పోతుంది. రెండు హ్యుమానిన్‌లు ఆ సిస్టీన్‌ల దగ్గర ముడిపడితే 5372 దగ్గర జంట కనిపిస్తుంది. మోట్స్-సిలో పాడయ్యేది మెథియోనిన్, అవి రెండున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు కొరియర్ వ్యాన్‌లో, గోదాములో పార్సిల్ గంటలు గంటలు ఉంటుంది. పొడి రూపం రెండు మూడు రోజులు తట్టుకుంటుంది, కరిగించిన ద్రావణం తట్టుకోదు. కరిగించి సిరంజిలో నింపి పంపే సరుకును తాకనే వద్దు.

అసలు ముప్పు ఈ అంకెల్లో దేనిలోనూ కనబడదు. ఎండోటాక్సిన్ అంటే చచ్చిన బ్యాక్టీరియా పెంకుల ముక్కలు. సూది మందులో కిలో బరువుకు గంటకు 5 యూనిట్లు మించకూడదు. దీనికి ఎల్ఏఎల్ పరీక్ష వేరు, సూక్ష్మజీవులు లేవని చెప్పే స్టెరిలిటీ పరీక్ష వేరు. పరిశోధన కోసం అమ్మే పెప్టైడ్‌కు ఈ రెండూ చేయాలన్న నియమం లేదు, ఎందుకంటే సీసా మీదే "మనుషుల వాడకానికి కాదు" అని రాసి ఉంటుంది. సూది వేసిన రెండు మూడు గంటలకు చలి, వణుకు, జ్వరం వస్తే "పెప్టైడ్ పనిచేస్తోంది, శరీరం శుద్ధవుతోంది" అని సర్దిచెబుతారు. అది ఎండోటాక్సిన్ అయి ఉండొచ్చు. సీసా పారేయకుండా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి, తర్వాత తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగానికి ఫిర్యాదు చేయాలి.

హైదరాబాద్‌కు బల్క్ డ్రగ్ రాజధాని అని పేరుంది, పెప్టైడ్‌లు తయారుచేసే పరిశ్రమలు నిజంగానే ఇక్కడున్నాయి. "మన జీడిమెట్లలో చేసిందే, ఫ్యాక్టరీ నుంచి నేరుగా" అన్న మాటకు బలం అక్కడి నుంచే వస్తుంది. మంచి ఫ్యాక్టరీలో చేసిన ముడిసరుకు కూడా స్టెరైల్ గదిలో సీసాకెక్కకపోతే సూది మందు కాదు. బ్యాచ్ నంబర్, తయారీ లైసెన్స్ నంబర్, గడువు తేదీ లేని సీసా ఎక్కడ పుట్టినా ఒకటే.

ట్రయల్ అని ఎవరైనా పిలిస్తే

2019 నాటి కొత్త ఔషధాల, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం కొత్త మందును మనుషుల మీద పరీక్షించాలంటే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ అనుమతి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో పేరు నమోదు కావాలి. ఆ రిజిస్ట్రేషన్ నంబర్ సీటీఆర్‌ఐతో మొదలవుతుంది, ఎవరైనా వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. పరీక్షిస్తున్న మందుకు మీ దగ్గర డబ్బు తీసుకోరు. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం నిర్వాహకుల బాధ్యత. "ట్రయల్‌లో చేర్చుకుంటాం, ఫీజు ఇంత" అన్నారంటే అది ట్రయల్ కాదు. సమ్మతి పత్రం తెలుగులోనో ఉర్దూలోనో, మీ ఇంట్లో చదివే భాషలో అడగండి, ఇంటికి తెచ్చుకుని చదవండి. అక్కడే సంతకం పెట్టమని తొందరపెడితే ఆ తొందరే జవాబు.

ఆ డబ్బుతో, ఆ ఓపికతో ఏం చేయొచ్చు

సూదికన్నా తక్కువ ఆకర్షణీయంగా, ఎక్కువ ఆధారంతో ఉన్నవి ఇవి. డిమెన్షియాలో దాదాపు 45 శాతం 14 మార్చుకోగల కారణాలతో ముడిపడి ఉందని 2024లో లాన్సెట్ కమిషన్ లెక్కగట్టింది. అన్నీ ఒకేసారి పట్టుకోనవసరం లేదు. మా వరసలో మొదటిది బీపీ.

పై అంకెను 140 బదులు 120 కిందికి దించే లక్ష్యంతో చికిత్స చేసినవాళ్లలో స్వల్ప మేధా లోపం 19 శాతం తక్కువగా వచ్చిందని 2019 నాటి స్ప్రింట్ మైండ్ ట్రయల్ చూపింది. పూర్తి డిమెన్షియా తగ్గుదల మాత్రం గణాంకపరంగా తేలలేదు, అది కూడా చెప్పాలి. 120 అందరికీ సరిపడదు. నిలబడితే కళ్లు తిరిగే పెద్దవాళ్లలో పడిపోయే ప్రమాదం ఉంది, లక్ష్యం డాక్టర్ నిర్ణయించాలి. ఇంట్లో కొలిచేటప్పుడు చాలామంది చేసే తప్పు మెట్లెక్కి రాగానే, టీ తాగగానే పట్టీ కట్టుకోవడం. వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చోవాలి, కాలు మీద కాలు వేయకూడదు, పట్టీ ఉన్న చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున మందుకు ముందు, రాత్రి పడుకునే ముందు, ఏడు రోజులు రాసుకోవాలి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయాలి. సగటు 135/85 దాటితే డాక్టర్‌కు ఆ కాగితం చూపించాలి. రోజుకు ఐదు గ్రాముల ఉప్పు అన్న సలహాను ఆవకాయ, అప్పడం, హలీం సీజన్ తట్టుకోవు, తెలిసిందే.

రెండోది చెవులు. వినికిడి తగ్గిన 977 మంది వృద్ధులతో 2023లో వచ్చిన అచీవ్ ట్రయల్‌లో మొత్తం మీద మూడేళ్లకు తేడా కనిపించలేదు. కానీ మతిమరుపు ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలో వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లకు మేధాశక్తి తగ్గే వేగం 48 శాతం తక్కువైంది. టీవీ శబ్దం పెంచుతున్న నాన్నకు హ్యుమానిన్‌కన్నా ముందు ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించండి. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపాలకు పనిచేసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆదాయ పరిమితిలోపు ఉన్నవాళ్లకు వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద యంత్రం వస్తుంది.

మూడోది రక్తపరీక్షలు: బీ12, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే శాకాహారికి బీ12 200 పికోగ్రాముల కింద ఉండడం వింతేమీ కాదు. ఆ మతిమరుపు సరిచేయగలిగిన రకం. పెప్టైడ్ మత్తులో పడి దాన్ని సరిచేసుకునే నెలలు పోగొట్టుకోవడమే అసలు నష్టం. నాలుగోది నడక, వారానికి 150 నిమిషాలు తగ్గకుండా, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో. ఇందిరా పార్కో, ఉస్మానియా క్యాంపస్సో, ఏదైనా సరే. మోట్స్-సి కావాలనుకున్నవాళ్లకు అది దొరికే చోటు కూడా అదే.

నిమ్స్‌లో చూసిన 648 మంది డిమెన్షియా రోగుల మీద సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం మన ఊరి సొత్తు. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివాళ్లలో కూడా. ఇదీ పరిశీలన అధ్యయనమే, ట్రయల్ కాదు. కానీ అమ్మ పక్కింటావిడతో ఉర్దూలో మాట్లాడుతుంటే ఆపకండి.

మరచిపోవడం ఇప్పటికే మొదలైందనిపిస్తే, అంటే డబ్బు లెక్క తప్పడం, తెలిసిన దారి తప్పడం, అడిగిందే అడగడం కనిపిస్తే, నిమ్స్‌లో గానీ గాంధీలో గానీ న్యూరాలజీ ఓపీకి తీసుకెళ్లండి. తోడు వెళ్లేవాళ్లు ఎప్పటి నుంచి, ఏమేం మారిందో రాసుకెళ్లాలి, ప్రస్తుతం వాడుతున్న మందుల పట్టీలన్నీ సంచిలో వేసుకెళ్లాలి. నిద్రమాత్రలు, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే కొన్ని మాత్రలు, అలర్జీ మాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి. మేధా పరీక్ష తెలుగులో చేయమని అడగండి. ఇంగ్లిష్ ప్రశ్నలకు తడబడితే అది జబ్బు కాదు.

ల్యాబ్ కోసం కొనేవాళ్లకు

నరాల కణాల రక్షణ పరీక్ష అయితే హెచ్‌ఎన్‌జి తీసుకోండి, సహజ రూపం పోలిక కోసం కొంచెం తెప్పించండి. లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. 10 మైక్రోమోలార్ హ్యుమానిన్ 10 మిల్లీలీటర్ల మీడియంలో కావాలంటే 0.27 మిల్లీగ్రాములు పోతుంది, ఒక మిల్లీగ్రాము సీసా 37 మిల్లీలీటర్లకే అయిపోతుంది. 10 నానోమోలార్ హెచ్‌ఎన్‌జి అయితే అదే మిల్లీగ్రాము 37 లీటర్లకు వస్తుంది. చక్కెర, కండరం మీద పని అయితే మోట్స్-సి. కార్డియోలిపిన్, గుండె కణాలు అయితే ఎస్‌ఎస్-31.

సీసాను ఫ్రీజర్ నుంచి తీసి వెంటనే మూత తీయొద్దు. చల్లని పొడి తేమను లాగుతుంది, సిస్టీన్ అక్కడే దెబ్బతింటుంది. అరగంట గది వేడికి రానివ్వండి. అలవాటుగా డీఎంఎస్‌ఓ పోసేస్తారు, హ్యుమానిన్‌కు అది పనికిరాదు, సిస్టీన్‌ను ఆక్సీకరణం చేస్తుంది. గాలి తీసేసిన స్టెరైల్ నీటిలో కరిగించండి. పెప్టైడ్ అంటుకోని రకం గొట్టాల్లో ఒక్కో ప్రయోగానికి సరిపడా విడదీసి మైనస్ 80లో పెట్టండి, ఒకసారి కరిగించినది మళ్లీ గడ్డకట్టించొద్దు. నానోమోలార్ గాఢతల్లో మామూలు ప్లాస్టిక్ గోడలకే సగం సరుకు అంటుకుపోయి, "హెచ్‌ఎన్‌జి పనిచేయలేదు" అని రాసుకోవాల్సి వస్తుంది.

కంట్రోల్‌గా ఖాళీ మీడియం ఒక్కటే పెట్టడం చాలదు. 8వ సిస్టీన్‌ను అలనీన్‌గా మార్చిన పని చేయని హ్యుమానిన్‌ను అదే కంపెనీ దగ్గర, అదే ఉప్పు రూపంలో తెప్పించుకోండి. ట్రైఫ్లోరో ఎసిటేట్ వల్ల కణాల మీద వచ్చే మార్పు అప్పుడే తేలిపోతుంది. ఎసిటేట్ రూపం దొరికితే అదే మేలు. ఎండోటాక్సిన్ పరీక్ష కూడా అడగండి, ముఖ్యంగా మైక్రోగ్లియా కణాల మీద పనిచేస్తుంటే. వాపు తగ్గిందో పెరిగిందో చెప్పేలోపు ఆ మలినమే ఫలితాన్ని తారుమారు చేస్తుంది.